ఎనిమిది గంటల రేకు

పోయిన ఎండాకాలమంతా మా ఇంట్లో భోజనాల బల్ల మీద భోజనాలు లేవు. మాఘమాసం వెళ్తూనే ఉషశ్రీ ఆ బల్ల మీద మైక్రోస్కోపు పెట్టించింది. మేమిద్దరం వంటింట్లో కింద కూర్చుని తిన్నాం. డెబ్భై ఒకటో ఏట కింద కూర్చుని లేవడం నా మోకాళ్ళకి శిక్షే. అయినా ఏమీ అనలేదు. నాకున్నది ఒక్క కూతురు. దాని బతుకు నిలబడ్డానికి బల్ల కావాలంటే బల్ల ఇచ్చేశాను.

మైక్రోస్కోపు తెనాలి కాలేజీది. అక్కడి అటెండరు శాలేమురాజు దాన్ని పాత దుప్పట్లో చుట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని రైల్లో బాపట్ల తెచ్చాడు.

"మేడమ్‌గారు ఇందులో ఇసక చూస్తారంటండి," అన్నాడు నాతో, చెమట తుడుచుకుంటూ. "సూర్యలంకలో అంత ఇసక ఉంది గదండీ మామ్మగారూ, ఉత్త కళ్ళతో చూస్తే చాలదా?"

"ఉత్త కళ్ళకి వయసు కనబడుతుందా రాజూ?" అంది ఉష.

"ఎందుకు కనబడదండీ. మామ్మగారికి అరవై."

"డెబ్భై ఒకటి," అన్నాను.

"చూశారా, పదకొండేళ్ళు తేడా కొట్టింది. అయితే మిషను కావాలండి."

ముగ్గురం నవ్వుకున్నాం. ఆ బల్ల దగ్గర మేం నవ్వింది ఆ ఒక్కసారే అనుకుంటాను.

ఉష భూగర్భశాస్త్రంలో పిహెచ్‌డి చేస్తోంది, నలభై మూడేళ్ళ వయసులో. తెనాలిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరరు. రోజూ బాపట్ల నుంచి రైల్లో వెళ్ళి వచ్చేది. యూనివర్సిటీ వాళ్ళు అప్పటికే రెండుసార్లు గడువు పెంచారు. జూన్ ముప్పై లోపల థీసిస్ ఇవ్వకపోతే ఇక లేదన్నారు. ఇస్తే మాత్రం విజయనగరంలో ఒక కాలేజీలో పర్మనెంటు పోస్టు. ఇంటర్వ్యూ అయిపోయింది. థీసిస్ ఇచ్చినట్టు కాగితం చూపించడమే తరువాయి.

ఆ పోస్టు వస్తే ప్రత్యూష వస్తుంది.

ప్రత్యూష ఉష కూతురు. అప్పుడు పదో తరగతి. ఆరేళ్ళ కిందట ఉష, ఆంజనేయప్రసాద్ విడిపోయినప్పుడు పిల్ల రేపల్లెలో తండ్రి దగ్గర ఉండిపోయింది. అతనికి అక్కడ బట్టల కొట్టుంది, సొంత ఇల్లుంది, పిల్లని చూసుకోడానికి తల్లి ఉంది. ఉషకి నేనున్నాను, అంతే. నెలకి రెండు ఆదివారాలు పిల్లని రేపల్లెలో రైలెక్కిస్తే తెనాలి స్టేషన్లో మేం దింపుకునేవాళ్ళం. సాయంత్రం మళ్ళీ ఎక్కించి పంపేవాళ్ళం. పదో తరగతి అయ్యాక ఎవరి దగ్గర చదువుకోవాలో పిల్ల ఇష్టమని ఇద్దరూ కాగితం రాసుకున్నారు. కాకపోతే తల్లికి స్థిరమైన ఉద్యోగం ఉండాలి. ఆ ముక్క కూడా కాగితంలోనే ఉంది.

నాకు మనుషులు వెళ్ళిపోవడమంటే భయం. మా అక్క బేబీని అడవులదీవి ఇచ్చారు. డెబ్భై ఏడు ఉప్పెనకి వారం ముందు వచ్చి గోంగూర జాడీ పట్టుకెళ్ళింది. మళ్ళీ దాన్ని చూడలేదు. మా ఆయన ఒకరోజు పొద్దున్నే నూలు కోసం చీరాల బయల్దేరాడు. "వెళ్ళొస్తా" అంటే కండెలు చుడుతూ తల ఎత్తకుండా "ఊఁ" అన్నాను. బస్టాండులోనే పడిపోయాడు. అప్పట్నుంచి ఎవరు గడప దాటినా వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడతాను. ఉష విజయనగరం అన్నప్పుడు నేను మొదట అడిగింది జీతం కాదు. రైల్లో ఎన్ని గంటలని అడిగాను.

ఆ ఇసుక సూర్యలంకది. అనుమతి కాగితాలు పెట్టుకుని తెచ్చిన పది కిలోల ఇసుకని కాలేజీలో కడిగి, అయస్కాంతం తిప్పి, బరువైన ద్రవంలో పోసి తేలినవన్నీ తీసేస్తే అడుగున మిగిలింది ఒక చిన్న సీసాడు. అది నా ముందు పెట్టింది.

"ఇందులోంచి జిర్కాన్లని ఒక రకం రాతి గింజలు ఏరాలమ్మా. వెయ్యి కావాలి. నాకు చూస్తే టైము లేదు. పేపర్లు దిద్దాలి, మూడు చాప్టర్లు రాయాలి."

"నేను ఏరడమేంటే?"

"ఆపరేషన్ అయ్యాక నీ కళ్ళు నా కళ్ళకంటే బాగున్నాయి. ఏడో ఏట నుంచీ నూలు చూసినదానివి. నీకు రాకపోతే ఇంకెవరికొస్తుంది?"

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. పొట్లాల కాగితాలు చదివి చదువు నేర్చుకున్నాను. ఉష డిగ్రీ చదివేటప్పటి తెలుగు మీడియం పుస్తకాలు ఒక్కటీ వదలకుండా చదివాను, సగం అర్థం కాకపోయినా. అలాంటిదాన్ని పట్టుకుని నీకు రాకపోతే ఇంకెవరికొస్తుందంటే ఎవరికైనా ఏమవుతుంది? పొంగిపోయాను.

చూపించింది. ఒక్కో గింజ ఉప్పు రవ్వకన్నా చిన్నది. అద్దంలోంచి చూస్తే రెండు కొసలూ చెక్కిన పెన్సిలు ముక్కలా ఉంది.

"సముద్రం ఎంత అరగదీసినా ఆ పోలిక పోదు. ఆకారం చూడు, మెరుపు చూడు. రంగు చూడకు. తెల్లగా ఉన్నా, గులాబీగా ఉన్నా, మురిగ్గా ఉన్నా జిర్కాన్ జిర్కానే. సూది ముందుకి ఏది వస్తే అది తియ్యి. ఎంచొద్దు. విన్నావా?"

"విన్నాను."

రెండు రోజులు అలాగే చేశాను. మూడో రోజు నుంచి చెయ్యి మాట వినలేదు.

చిన్నప్పుడు మా ఇంట్లో నా పని అదే. రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేటప్పుడు మరకపడ్డ పోగు కనిపిస్తే తుంచి పారేసి ముడి వెయ్యాలి. ఒక్క మరక పోగు మగ్గం మీదకి వెళ్ళిందంటే చీర మొత్తం షావుకారు వెనక్కి కొట్టేవాడు. మా నాన్న నోటితో తిట్టేవాడు కాదు. ఆ పోగు తెచ్చి నా అన్నం కంచంలో పెట్టేవాడు. అరవై ఏళ్ళుగా నా కంటికి మరక కనబడితే వేళ్ళు వాటంతటవే కదులుతాయి. మైక్రోస్కోపులో నీటిచుక్కల్లాంటి గింజల మధ్య ఒక గోధుమరంగుది, మసకబారి, పగుళ్ళుబారి కనిపిస్తే సూది దాన్ని పక్కకి నెట్టేసేది. నా కూతురు యూనివర్సిటీకి ఇచ్చే దాంట్లో ఇలాంటిదా అనుకున్నాను. మొదటి రెండు రోజులు తీసినవాటిలోంచి కూడా ఏరి తీసేశాను.

పారెయ్యడానికి మాత్రం చెయ్యి రాలేదు. మా ఇంట్లో దారం ముక్క కూడా పారెయ్యరు. మా ఆయన పోయినప్పట్నుంచి ఖాళీగా ఉన్న కుంకుమ భరిణెలో వేశాను.

పద్దెనిమిది రోజులకి వెయ్యి అయ్యాయి. నేను పేర్చిన వరసల్ని ఉష ఒక్కొక్కటే చూసింది. సీసాలో మిగిలింది కూడా చూసింది. ఎర్రటి గార్నెట్లు, నల్లటి రూటైలు ముక్కలు తప్ప ఇంకేం లేవు.

"ఒక్కటి కూడా తప్పు పోలేదమ్మా! అన్నీ జిర్కాన్లే. మన ఇసుక ఎంత శుభ్రంగా ఉందో చూశావా?"

నేను నవ్వాను. నన్ను మెచ్చుకుంటోందనుకున్నాను.

ఏప్రిల్ మూడో ఆదివారం తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కోసం కూర్చున్నాం. ఉష యూనివర్సిటీ ల్యాబులో రాత్రింబవళ్ళు కష్టపడి గింజల పని అప్పుడే ముగించుకొచ్చింది. దాని చేతుల మీద అక్కడక్కడా చర్మం ఊడి ఉంది. మొహం మాత్రం వెలిగిపోతోంది. అంత సంతోషంగా దాన్ని పెళ్ళిలో కూడా చూడలేదు.

ప్రత్యూష దిగింది. పరీక్షలైపోయాయి. జుట్టు కత్తిరించుకుంది.

"ఎవరే నువ్వు?" అన్నాను.

"అమ్మమ్మా, మొదలెట్టకు. నానమ్మ మూడు రోజుల్నుంచి నాతో మాట్లాడట్లేదు ఈ జుట్టుకి."

బెంచీ మీద పులిహోర డబ్బా తెరిచాం. ఉష ఆగలేకపోయింది.

"పాపా, నా థీసిస్‌లో ఏం దొరికిందో తెలుసా?"

"అమ్మా, తిన్నాక క్లాసు పీకు."

"తింటూ విను. జిర్కాన్ గింజలో కొంచెం యురేనియం ఉంటుంది. ఎప్పుడో ఒకసారి అందులో ఒక పరమాణువు రెండుగా పగుల్తుంది. రెండు ముక్కలూ చెరో వైపు దూసుకుపోతాయి. పోతూ గింజలో ఒక గీత పెడతాయి. గీతలు ఎన్నున్నాయో, యురేనియం ఎంతుందో తెలిస్తే ఆ గింజ చల్లబడి ఎన్నేళ్ళయిందో లెక్క కట్టొచ్చు."

"విడిపోయినప్పుడు పడ్డ గీతలన్నమాట," అన్నాను.

ఇద్దరూ నా వంక చూశారు.

"అమ్మమ్మ డైలాగులు మొదలు," అంది ప్రత్యూష. "ఊఁ, చెప్పమ్మా."

"ఆ గీతలు ఊరికే కనబడవు. గింజల్ని ఒక రేకులో పొదిగి, నున్నగా అరగదీసి, కరిగించిన కాస్టిక్ సోడాలో ఉడకబెట్టాలి. అది గీత వెంబడే తినుకుంటూ పోతే అప్పుడు తెరుచుకుంటుంది. చిక్కంతా ఇక్కడే. యురేనియం పగలడం ఎప్పుడో గానీ జరగదు. కానీ అది ఎప్పుడూ లోపల చిన్న చిన్న కణాలు విసురుతూనే ఉంటుంది. కోట్ల ఏళ్ళు ఆ దెబ్బలు తిని తిని గింజ లోపలంతా చితికిపోతుంది. గోధుమరంగుకి తిరుగుతుంది, మసకబారుతుంది. అలా చితికినవి కాస్టిక్‌లో వెయ్యగానే తెరుచుకుంటాయి. దెబ్బ తగలనివి రెండు రోజులు ఉడికినా మొండికేసుకుని కూర్చుంటాయి."

"నీలాగా."

"మీ అమ్మమ్మలాగా. అందుకని మూడు రేకులు చేశాను. ఒకటి ఎనిమిది గంటలకి తీశాను, ఒకటి ఒకటిన్నర రోజుకి, ఒకటి మూడు రోజులకి. బాగా చితికినవాటి గీతలు ఎనిమిది గంటల రేకులోనే దొరుకుతాయి. ఇంకా ఉంచితే అవి కరిగిపోతాయి, లెక్కకి రావు. ఒక్క రేకుతో సరిపెట్టేవాళ్ళు సగం గింజల్ని వదిలేసి వయసు చెప్తారు."

"మరి నీ ఎనిమిది గంటల దాంట్లో ఎన్ని వచ్చాయి?"

"సున్నా!" ఉష చప్పట్లు కొట్టినంత పని చేసింది. "ఒక్క గింజ కూడా తెరుచుకోలేదు. మా గైడు విష్ణువర్ధన్ సారు మూడుసార్లు అడిగారు, గోధుమరంగువి లేవా, సరిగ్గా చూశావా అని. మిగిలిన సీసా కూడా చూశాను సార్, లేవు అన్నాను. అంటే ఏంటి? ఈ తీరానికి వచ్చిన గింజలన్నీ ఎప్పుడో ఒకసారి బాగా కాలి, పాత దెబ్బలన్నీ మానిపోయి, మళ్ళీ కొత్తగా మొదలెట్టినవన్నమాట. ఈ మాట ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. నా థీసిస్ మొత్తం దాని మీదే."

నా చేతిలో పులిహోర ముద్ద అలాగే ఉండిపోయింది.

"ఏదన్నా తేడా ఉందని తేలితే మళ్ళీ చెయ్యొచ్చా?" అని అడిగాను. గొంతు మామూలుగానే వచ్చింది.

"మే ఇరవై దాకా ల్యాబు నాకే ఇచ్చారు. యురేనియం కొలిచే మిషను కూడా అప్పటిదాకా ఉంది. అది దాటితే మళ్ళీ వచ్చే ఏడే. తేడా ఎందుకొస్తుందమ్మా? నువ్వు ఏరినవి కదా."

అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా.

"అమ్మా," అంది ప్రత్యూష, డబ్బా మూత పెడుతూ, మా ఇద్దరి వంకా చూడకుండా. "పోస్టు వస్తే నేను నీ దగ్గరికే వస్తాను. నాన్నకి చెప్పేశాను."

ఉష పిల్ల కత్తిరించుకున్న జుట్టు మీద చెయ్యి వేసి అలా ఉంచింది. ఆరేళ్ళలో నా కూతురు ఏడవడం నేను చూడలేదు. ఆ రోజు ప్లాట్‌ఫారం మీద అందరి ముందూ ఏడ్చింది.

నేను నోరు మూసుకున్నాను.

ఆ రోజు చెప్పకపోవడానికి కారణం ఉంది. తర్వాత ముప్పై రోజులు చెప్పకపోవడానికి ఏ కారణమూ లేదు. రోజూ పొద్దున కాఫీ ఇచ్చేటప్పుడు చెప్పేద్దామనుకునేదాన్ని. ఉష పాట పాడుకుంటూ రాసుకుంటూ ఉండేది. సాయంత్రం చెప్దామనుకునేదాన్ని. ఉష పడుకున్నాక పాత డిగ్రీ పుస్తకం తీసి, రంగుతో పని లేదని ఎక్కడైనా రాసుందేమోనని వెతికాను. పుస్తకంలో జిర్కాన్ మీద మొత్తం ఉన్నదే పదకొండు వాక్యాలు. ఆ పదకొండూ నాకు కంఠతా వచ్చాయి. నాకు కావలసింది అందులో లేదు.

కోప్పడుతుందని భయం. అంతకంటే, కోప్పడకుండా ఊరుకుంటుందేమోనని భయం. చెప్తే మళ్ళీ ఏరాలి, మళ్ళీ ఉడకబెట్టాలి, మళ్ళీ లెక్కపెట్టాలి. నెల రోజులు ఒళ్ళు వంచి చేస్తే అయ్యేదేనని నాకూ తెలుసు. ఉష చేసేది.

మే ఇరవై దాటిపోయింది. ఇరవై ఒకటో తారీకు పొద్దున లేచేసరికి నాకు ప్రాణం తేలికపడింది. ఇక చెప్పి ఉపయోగం లేదు కదా, ఇక చెప్పక్కర్లేదు అనుకున్నాను. ఆ పొద్దుట నేను రెండు దోసెలు ఎక్కువ తిన్నాను. అది గుర్తొస్తే ఇప్పటికీ నాకు ముద్ద దిగదు.

జూన్ పదకొండు. అప్పటికి ఉష బట్టలు సర్దడం మొదలుపెట్టింది. విజయనగరంలో ఇల్లు కుదిరిందని ఫోనొచ్చింది. పొద్దున టిఫిన్ తింటూ చెప్పింది.

"రెండు గదులమ్మా. చిన్నవే. ఒకటి పాపకి ఇవ్వాలి, ఇంటర్ కదా."

"మనిద్దరం ఒక దాంట్లో సర్దుకుంటాం."

ఉష చట్నీ వడ్డించుకుంది. "ముందు మేం వెళ్ళి కుదురుకుంటాం. నువ్వు కొన్నాళ్ళు ఇక్కడే ఉండు. తర్వాత తీసుకెళ్తాను."

"కొన్నాళ్ళంటే?"

"చూద్దాం అమ్మా. పాప అలవాటు పడనీ."

తప్పుగా ఏమీ అనలేదు. లేచి కంచం కడుక్కుని, సూట్‌కేసు దగ్గరికి వెళ్ళింది. నేను పప్పు పెట్టాను, వంకాయలు తరిగాను, మధ్యాహ్నం ఇద్దరం తిన్నాం. మజ్జిగ తాగాక కుంకుమ భరిణె తెచ్చి మైక్రోస్కోపు పక్కన పెట్టాను.

"ఏంటిది?"

"గోధుమరంగువి."

"ఏ గోధుమరంగువి?"

"నువ్వు లేవన్నవి."

ఉష నా మొహం చూసింది. మూత తీసింది. చిటికెడు గాజు పళ్ళెంలో పోసి మైక్రోస్కోపు కింద పెట్టింది. చాలాసేపు కళ్ళు అద్దాలకే ఆనించి ఉంది. నేను గోడకి చేరబడి నిలబడ్డాను. పక్కింట్లో ఎవరో రోట్లో పచ్చడి నూరుతున్నారు. ఆ చప్పుడు ఆగింది, మళ్ళీ మొదలైంది.

"నాలుగు వందల దాకా ఉంటాయి," అంది చివరికి, తల ఎత్తకుండా.

"లెక్కపెట్టలేదు."

"ఎంచొద్దన్నాను."

"అన్నావు."

"ఇవి కావాల్సినవని నీకెప్పుడు తెలిసింది?"

"తెనాలిలో. పులిహోర తినేటప్పుడు."

ఉష మనసులో లెక్కేసుకుంది. దాని పెదాలు కదలడం చూశాను. "యాభై రెండు రోజులు. అందులో ముప్పై రోజులు ల్యాబు నా చేతిలో ఉంది."

నేను కొంగుతో బల్ల అంచు తుడిచాను.

"మరి ఇవాళ ఎందుకు చెప్పావు?"

ఉష సూట్‌కేసు వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. భరిణె మూత పెట్టేసింది.

సాయంత్రం విష్ణువర్ధన్ గారికి ఫోన్ చేసింది. స్పీకరు పెట్టి మాట్లాడింది. నేను వినాలనే పెట్టింది. ఆయన పెద్దాయన, ఉషకి పదేళ్ళుగా గైడు, చెడ్డవాడు కాదు. అంతా విన్నాడు.

"ఉషా, ఆ భరిణె సంగతి నువ్వు నాకు చెప్పలేదు, నేను వినలేదు. సరేనా అమ్మా? పంపించెయ్. ముందు ఉద్యోగంలో చేరు. పిల్ల వస్తుంది. తర్వాత తీరిగ్గా ఇంకో పేపరు రాసి సరిదిద్దుకోవచ్చు."

"వైవాలో గోధుమరంగువి లేవా అని అడిగితే ఏం చెప్పమంటారండీ?"

"ఎవరడుగుతారమ్మా?"

"మీరు మూడుసార్లు అడిగారు కదండీ," అంది ఉష.

ఆయన ఉండమ్మా, ఆలోచించుకో అని పెట్టేశాడు.

సిగ్గు లేకుండా అప్పుడు నేను నోరు విప్పాను. "ఇచ్చెయ్యవే. సారు కూడా ఇచ్చెయ్యమంటున్నారు కదా. పిల్ల కోసమైనా ఇచ్చెయ్."

"నువ్వు చెప్పకుండా ఉంటే ఇచ్చేదాన్నమ్మా," అంది. "ఇప్పుడెలా ఇస్తాను?"

జూన్ ముప్పై మామూలు రోజులాగే వచ్చి వెళ్ళింది. ఉష ఆ రోజు పాత చీరలకి ఫాల్సు కుట్టుకుంది. మర్నాడు విజయనగరం వాళ్ళకి ఉత్తరం రాసింది, రాలేనని. కారణం రాయలేదు. ఇంటి కోసం మాట్లాడిపెట్టినాయనకి ఫోన్ చేసి క్షమించమని చెప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నం పెడితే తింది, నీళ్ళు ఇస్తే తాగింది. నేను దేనికి భయపడ్డానో అదే జరిగింది. కోప్పడకుండా ఊరుకుంది.

ప్రత్యూషని వాళ్ళ నాన్న గుంటూరులో హాస్టల్ ఉన్న కాలేజీలో చేర్చాడు. పిల్లని చూడనిచ్చేది నెలకి ఒక్క ఆదివారం, అదీ రెండు గంటలు. తల్లిదండ్రుల పేర్లే రాసుకుంటారట, అమ్మమ్మల పేర్లు రాసుకోరట. చేరే ముందు రోజు నాకు ఫోన్ చేసింది.

"అమ్మ అంతా చెప్పింది అమ్మమ్మా."

"తిట్టవే నన్ను."

"తిట్టను. కానీ ముందే చెప్పినా బాగుండేది, అసలు చెప్పకపోయినా బాగుండేది. మధ్యలో చెప్పావేంటి అమ్మమ్మా?"

పదహారో ఏట అడుగుపెట్టిన పిల్ల. నాకు ఇన్నాళ్ళుగా అర్థం కానిది ఒక్క ముక్కలో అడిగింది. ఏదో చెప్పబోయాను. "సరేలే, ఉంటాను, నాన్న పిలుస్తున్నాడు" అని పెట్టేసింది.

జూలైలో ఉష తెనాలిలో గది తీసుకుంది. రోజూ రైలు కష్టంగా ఉందమ్మా అంది. ఆరేళ్ళుగా లేని కష్టం. శాలేమురాజు వచ్చి మైక్రోస్కోపు దుప్పట్లో చుట్టుకుని పట్టుకెళ్ళాడు. ఉష మంచాన్ని, పుస్తకాల పెట్టెల్ని వ్యానులో ఎక్కించాక వాకిట్లో నిలబడింది. నేను మెట్టు మీద ఉన్నాను.

"అమ్మా, ఒకటి అడుగుతాను."

"అడుగు."

"ఆ రోజు పొద్దున, విజయనగరంలో నీకూ చోటుందని నేను అనుంటే, మధ్యాహ్నం నువ్వా భరిణె బయటికి తీసేదానివా?"

తీసేదాన్ని అని చెప్పాలనుకున్నాను. నిజం ఎప్పటికైనా చెప్పేదాన్నే అనుకుంటూ ఎన్నో రోజులు నాకు నేను చెప్పుకున్నాను. వ్యాను డ్రైవరు హారన్ కొట్టాడు.

"తీసేదాన్ని కాదేమో," అన్నాను.

ఉష తల ఊపింది. చాలా రోజుల తర్వాత నా చెయ్యి పట్టుకుంది, మెట్టు దిగేటప్పుడు పడతానేమోనని. "లోపలికి వెళ్ళు, ఎండగా ఉంది," అంది. నేను వెళ్ళలేదు. వ్యాను మలుపు తిరిగేదాకా నిలబడ్డాను.

ఇప్పుడు కార్తీకం. రోజూ ఒంటిగంటకి, కాలేజీలో భోజనం బెల్లయ్యాక ఫోన్ చేస్తుంది. ఒక్క రోజూ తప్పదు. మందులు వేసుకున్నావా అని అడుగుతుంది, అన్నం తిన్నావా అని అడుగుతుంది. నేనూ అవే అడుగుతాను. యూనివర్సిటీలో మళ్ళీ పేరు రాయించుకుందని శాలేమురాజు చెప్తే తెలిసింది. మొన్న ధైర్యం చేసి అడిగాను.

"మళ్ళీ మొదలెట్టావటగా?"

"ఊఁ."

"ఇసుక?"

"తెచ్చాను. సూర్యలంక నుంచే."

"ఎవరేరుతున్నారు?"

"నేనే. రోజుకి పాతిక, ముప్పై. అంతకంటే చూస్తే కళ్ళు లాగుతున్నాయి."

పాతిక చొప్పున వెయ్యి గింజలకి ఎన్నాళ్ళో లెక్కేశాను. నలభై రోజులు. అదీ ఒక్క రోజు ఆగకుండా చేస్తే.

"ఆదివారాలు నేను రానా?" అన్నాను. "ఏది వస్తే అదే తీస్తాను. ఎంచను."

ఫోను కట్టయిందేమోనని చూసుకున్నాను. కట్టవలేదు.

"వద్దమ్మా," అంది మెల్లగా. గొంతులో కోపం లేదు. "మందులు వేసుకో."

వేసుకున్నానని అప్పటికే చెప్పాను.